లెక్క తీసి యుద్ధానికి దిగిన మనిషి

2020 మార్చిలో బీబీసీ వారి చరిత్ర పత్రిక ఒకటి, ప్రపంచ చరిత్రలో గొప్ప నాయకుడెవరో చెప్పమని పాఠకులను అడిగింది. మొదటి స్థానం మహారాజా రంజిత్ సింగ్‌కు దక్కింది. మన పత్రికలు ఆ వార్తను సంబరంగా వేసుకున్నాయి. చర్చిల్‌నూ లింకన్‌నూ వెనక్కి నెట్టి రెండో స్థానంలో నిలిచిన పేరు మాత్రం చాలామంది కంటికి ఆనలేదు. ఆ పేరు అమీల్కర్ కబ్రాల్. పశ్చిమాఫ్రికాలో సెనెగల్‌కూ గినీకీ మధ్య ఇరుక్కున్న చిన్న పోర్చుగీసు వలసకు స్వాతంత్ర్యం తెచ్చిన ఉద్యమానికి ఆయన నాయకుడు. ఆ వలస విస్తీర్ణం కేరళ కంటే కాస్త తక్కువ, అప్పటి జనాభా ఐదారు లక్షలు. ఇప్పుడు దాన్ని గినీ-బిస్సావు అంటున్నాం. ఆఫ్రికా విమోచన నాయకులనగానే మనకు పిడికిలి బిగించిన ఉపన్యాసకులో, తుపాకీ భుజాన వేసుకున్న వీరులో గుర్తొస్తారు. కబ్రాల్‌నూ ఆ వరసలోనే నిలబెట్టడం ఆనవాయితీ అయిపోయింది. అది సగం నిజమే. ఆయన అన్నిటికన్నా ముందు వ్యవసాయ శాస్త్రవేత్త. యుద్ధానికి పదేళ్ల ముందు, అదే పోర్చుగీసు ప్రభుత్వం దగ్గర జీతం తీసుకుంటూ ఊరూరా తిరిగి పంటల లెక్క తీశారు. ఆ పోరాటంలో ఏది గెలిచిందో, తర్వాత ఏది ఓడిందో తెలియాలంటే ఆయన ప్రసంగాలకంటే ముందు ఆ లెక్కల పుస్తకం తెరవాలన్నది నా వాదన.

కబ్రాల్ 1924 సెప్టెంబరు 12న ఆ పోర్చుగీసు గినీలోని బఫాతాలో పుట్టారు. తల్లిదండ్రులు మాత్రం అక్కడివాళ్లు కారు, అట్లాంటిక్‌లో వందల కిలోమీటర్ల దూరాన ఉన్న కేప్ వెర్ద్ దీవులవాళ్లు. తండ్రి జువెనాల్ బడిపంతులు. ఈ మూలాల వివరం తర్వాత ప్రాణాల మీదికి వచ్చింది కనుక ఇక్కడే కాస్త ఆగాలి. పోర్చుగీసు చట్టం దృష్టిలో గినీ ప్రజలు 'స్థానికులు'. అంటే పౌరసత్వం లేదు. తలపన్ను ఉంది, వెట్టి ఉంది. కేప్ వెర్ద్ వాళ్లకు ఆ ముద్ర లేదు. వాళ్లు బడికి వెళ్లవచ్చు, సర్కారు కొలువు సంపాదించవచ్చు. అందువల్ల గినీలో గుమాస్తా, గుత్త వ్యాపారి కొట్టు లెక్కలు రాసేవాడు, కింది స్థాయి అధికారి చాలాచోట్ల కేప్ వెర్దీయుడే. లిస్బన్ దొర ఎక్కడో ఉంటాడు, రైతు కంటికి నిత్యం కనిపించేది ఈ మధ్యవాడు. కబ్రాల్ ఎనిమిదో ఏట కుటుంబం దీవులకు తిరిగి వెళ్లింది. మిండెలో పట్నంలో హైస్కూలు చదువుతుండగా కరువు వచ్చింది. 1940లో లక్షా ఎనభై వేలున్న దీవుల జనాభా 1950 నాటికి లక్షా యాభై వేలకు దిగింది. కొందరు వలసపోయారు, పదుల వేల మంది ఆకలితో చచ్చిపోయారు. వాన రాకపోవడం ప్రకృతి పని, తిండిగింజల ఓడలు రాకపోవడం ప్రభుత్వం పని. ఈ రెండో సంగతి అర్థమైన కుర్రవాడు కవిత్వం రాస్తూ కూర్చోకుండా (కవిత్వమూ రాశారులెండి) నేల గురించి చదువుకోవడానికి వెళ్లాడంటే ఆశ్చర్యం లేదు.

1945లో స్కాలర్‌షిప్ మీద లిస్బన్ వ్యవసాయ విద్యాసంస్థలో చేరారు. చివరి సంవత్సరం పరిశోధనకు ఎంచుకున్నది ఆఫ్రికా కాదు, పోర్చుగల్‌లోనే ఆలెంతేజు ప్రాంతంలోని కూబా అనే చోట నేల కోతను (కాస్ట్రో క్యూబాకూ దీనికీ సంబంధం లేదు). పెద్ద భూస్వాముల ఎస్టేట్లున్న ప్రాంతం అది. పోర్చుగల్ నియంత సలాజార్ ప్రభుత్వం గోధుమ పండించి తీరాలని తొందరపెట్టడంతో పలచటి నేలను ఏటా దున్ని దున్ని సారం పోగొట్టారు. వలస దేశానికే కాదు, పాలించే దేశపు పేదలకూ ఆ ప్రభుత్వం అదే గతి పట్టిస్తోందని కబ్రాల్ అక్కడి మట్టిలో చూశారు. పోర్చుగీసు ప్రజలతో మాకు తగాదా లేదు, వలస పాలనతోనే ఉందని ఆయన తర్వాత పదేపదే చెప్పడం రాజకీయ మర్యాద కోసం కాదు. 1968లో యుద్ధఖైదీలను డాకార్‌లో రెడ్‌క్రాస్‌కు అప్పగించడమూ మెప్పు కోసం కాదు. ఆయన చదివిన లిస్బన్ నగరంలోనే 'సామ్రాజ్య విద్యార్థుల నిలయం' అని ఒక వసతి ఉండేది. వలసల నుంచి వచ్చిన కుర్రాళ్లను విధేయులుగా తయారుచేయాలని 1944లో ప్రభుత్వమే పెట్టింది. అంగోలా తొలి అధ్యక్షుడైన అగస్టీనో నేతో, మొజాంబిక్ నాయకుడు మార్సెలీనో దుస్ శాంతుస్, మేధావి మారియో ద ఆంద్రాదె, కబ్రాల్ అందరూ అక్కడే కలుసుకున్నారు. సామ్రాజ్యం తన ఖర్చుతో తన శత్రువులను పోగేసి పరిచయం చేసిందన్నమాట.

1952లో ఆయన గినీకి తిరిగొచ్చారు. బిస్సావు దగ్గర పెస్సుబే ప్రయోగక్షేత్రం బాధ్యత అప్పగించారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అన్ని దేశాలనూ వ్యవసాయ గణన చేయమని కోరుతున్న కాలం. గినీలో ఆ పని కబ్రాల్‌కు పడింది. భార్య, తోటి వ్యవసాయ పట్టభద్రురాలు మరియా హెలేనా రోద్రిగేష్‌తో కలిసి 1953లో క్షేత్రంలో దిగారు. 1956లో ఫలితాలు వలస ప్రభుత్వపు సొంత పత్రికలోనే అచ్చయ్యాయి. అందులో రాజకీయం ఒక్క ముక్క లేదు. ఎవరు ఏ పంట ఎంత నేలలో వేస్తారు, ఎన్నేళ్లకు నేలను బీడు పెడతారు, ఎంత దిగుబడి వస్తుంది, అంతే. కానీ ఆ వివరాలు రాసుకోవాలంటే పొలం గట్టు మీద నిలబడాలి. తీర ప్రాంతంలో బలాంత రైతులు మడ అడవుల్లో వరి పండించే తీరు చూడండి. సముద్రపు పోటు ఏరుల గుండా లోతట్టుకు వస్తుంది. ఆ ఉప్పునీటిని ఆపడానికి ఊరంతా కలిసి బురదతో గట్టు కడుతుంది. మడచెట్లను నరికి, గట్టు లోపలి నేలను కొన్ని వర్షాకాలాలు వదిలేస్తారు. వాన నీళ్లు ఉప్పును కడిగేస్తాయి, తొలిచిన మాను తూముగా పెట్టి ఆ నీటిని పోటు తగ్గినప్పుడు బయటికి వదులుతారు. ఆ తర్వాతే నాట్లు. మనిషికంటే పొడవైన కర్ర పారతో, దాని కొసన తొడిగిన ఇనుప అంచుతో ఆ జిగట మట్టిని తిరగేస్తారు. దొర లేడు, దివాను లేడు, ఇంజినీరు అసలే లేడు. గట్టు తెగితే అందరి పంటా పోతుంది కనుక అందరూ వస్తారు. ఇలాంటి పల్లెకు బయటినుంచి ఎవడో వచ్చి సమష్టి శ్రమ గురించి పాఠం చెప్పనక్కర్లేదని గణకుడికి అక్కడే తెలిసొచ్చింది.

తూర్పు మైదానాల్లో కథ వేరు. అక్కడ ఫూలా, మండింగా రైతులు వేరుశనగ వేసేవాళ్లు. తలపన్ను నగదుగా కట్టాలి, నగదు రావాలంటే వేరుశనగ వేయాలి, దాన్ని కొనేది గుత్త కంపెనీ. పోర్చుగల్‌లోని పెద్ద పారిశ్రామిక సంస్థ సీయూఎఫ్ చేతిలో ఉన్న గోవెయా వ్యాపార సంస్థ ధర తనే చెప్పేది. రైతు ఇష్టంతో పనిలేదు. పోడు నరికి వేరుశనగ, మళ్లీ వేరుశనగ వేస్తూపోతే నేల బీడుండే ఏళ్లు తగ్గి సారం చచ్చిపోతుందని కబ్రాల్ అప్పుడే హెచ్చరించారు. ఇక్కడే ఆయన రాజకీయానికి పునాది పడింది. చైనాలోనూ అల్జీరియాలోనూ రైతును కదిలించిన నినాదం భూమి. 'దున్నేవాడిదే భూమి' అన్న మాట మన పల్లెల్లోనూ నిప్పు రాజేసింది. గినీలో ఆ మాటకు అర్థమే లేదు. భూమి ఊరిది, తెల్లవాళ్ల ఎస్టేట్లు చెప్పుకోదగ్గన్ని లేవు, భూమి లేని రైతు అన్నవాడు అరుదు. పుస్తకాల్లోని విప్లవాన్ని తెచ్చి నాటితే మొలకెత్తదని తేల్చింది సిద్ధాంతం కాదు, గణన పట్టికలు. అక్కడ రైతుకు నొప్పి ఉన్న చోటు పన్ను, వెట్టి, ధర. రెండో పాఠం మనుషుల గురించి. బలాంతలకు రాజు, జమీందారు లేరు, పెద్దల సభే సర్వస్వం. ఫూలా సమాజంలో దొరలున్నారు. పన్ను వసూలు చేసిపెట్టి అందులో వాటా తీసుకునేదీ వాళ్లే. యుద్ధం వస్తే ఎవరు ముందు కదులుతారో, ఎవరు పోర్చుగీసు వైపు ఉంటారో ఈ తేడాలోనే ఉంది. 1964లో ఇటలీలో ఫ్రాంజ్ ఫనాన్ పేరున్న కేంద్రంలో చేసిన ప్రసంగంలో ఆయన దీన్ని విడమరిచి చెప్పారు. పల్లెల్లో అంతకుముందే అది జరిగిపోయింది. తెగలను ఇలా పెట్టెల్లో సర్దడం వలస అధికారుల అలవాటే కదా అనే ఆక్షేపణ ఉంది. అందులో పస లేకపోలేదు. కానీ వలస అధికారి తెగను తెగగా చూశాడు. కబ్రాల్ చూసింది ఎవరు పండిస్తారు, ఎవరు తీసుకుంటారు, ఆ ఇద్దరి మధ్య ఎవరు నిలబడతారు అన్నది. ఫూలా దొరకూ ఫూలా రైతుకూ మధ్య తేడా ఆ చూపుకే దొరుకుతుంది.

1955లో గవర్నరు ఆయన్ను గినీ వదిలి వెళ్లమన్నాడు. ఏటా తల్లిని చూసిపోవడానికి మాత్రం అనుమతి. అంగోలాలో వ్యవసాయ సలహాదారుగా పనిచేస్తూ వచ్చీపోతున్న రోజుల్లోనే, పార్టీ తన చరిత్రలో చెప్పుకునే ప్రకారం, 1956 సెప్టెంబరు 19న బిస్సావులో గుప్పెడుమందితో పార్టీ పుట్టింది. తర్వాత పీఏఐజీసీగా (గినీ, కేప్ వెర్ద్ స్వాతంత్ర్య ఆఫ్రికా పార్టీ) పేరు పొందింది అదే. మొదట్లో వాళ్లు నమ్ముకున్నది పట్నపు కార్మికులను. 1959 ఆగస్టు 3న బిస్సావు రేవు పిజిగీటిలో కూలీ పెంచమని సమ్మె చేసిన కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. యాభైమంది దాకా చనిపోయారు. వాళ్ల యజమాని ఎవరో కాదు, వేరుశనగ కొనే ఆ గోవెయా సంస్థే. పట్నంలో తలపడితే ప్రాణాలు పోవడం తప్ప ఫలితం లేదని తేలిపోయింది. మకాం పొరుగున ఉన్న మరో గినీ దేశపు రాజధాని కొనాక్రీకి మార్చి, పల్లెల్లోకి వెళ్లాలని నిర్ణయించారు. 1961 ఏప్రిల్‌లో కాసాబ్లాంకాలో పోర్చుగీసు వలసల ఉద్యమాలన్నీ ఒక వేదికగా ఏర్పడ్డాయి. అందులో గోవా ప్రతినిధులూ ఉన్నారు. గోవా బిడ్డ ఆకీనో ద బ్రగాన్సా ఆ వేదిక పనుల్లో ముఖ్యుడయ్యాడు. ఆ ఏడాది డిసెంబరులో భారత సైన్యం గోవాలో అడుగుపెట్టడం మనకు ముగిసిపోయిన అధ్యాయం. ఆఫ్రికా వలసల్లో అది పోర్చుగల్ అజేయం కాదన్న తొలి రుజువు.

కొనాక్రీలో ఆయన నడిపిన శిక్షణ నాకు ఆ పోరాటంలోకెల్లా విలువైన భాగంగా కనిపిస్తుంది. పట్నం నుంచి పారిపోయి వచ్చిన కుర్రాళ్లు, పల్లెతో బంధుత్వం ఇంకా తెగనివాళ్లు, వందల మంది అక్కడ చేరారు. వాళ్లకు నేర్పింది తుపాకీ కాదు, ఊళ్లోకి వెళ్లి మాట్లాడటం. ఒకడు కార్యకర్త, మిగతావాళ్లు రైతులు, పెద్దమనుషులు. నాటకం ఆడినట్టు ఆడించేవారు. వలసవాదం, సామ్రాజ్యవాదం అంటూ మొదలుపెడితే పొరపాటు, మళ్లీ మొదట్నుంచి రావాలి. పన్ను ఎంత కట్టావు పెద్దాయనా, అది ఎక్కడికి పోయింది, నీ కొడుకును రోడ్డు పనికి తీసుకెళ్లారా, వేరుశనగ బుట్టకు ఎంతిచ్చారు, అవతలి కొట్టులో అదే డబ్బుకు ఎంత గుడ్డ వచ్చింది? ఈ ప్రశ్నలన్నీ గణన పట్టిక గళ్లలోంచి వచ్చినవే. జనం ఆదర్శాల కోసం పోరాడరు, బతుకు బాగుపడుతుందనీ, పిల్లల భవిష్యత్తు చక్కబడుతుందనీ పోరాడతారని ఆయన పార్టీవాళ్లకు రాతపూర్వకంగా చెప్పారు. విజయాలను పెంచి చెప్పవద్దనీ, తప్పును దాచవద్దనీ అదే చోట హెచ్చరించారు. లెక్కలు తీసినవాడికి దొంగలెక్క ఎంత చేటో తెలుసు.

1963 జనవరి 23న దక్షిణాన తీతే శిబిరం మీద దాడితో యుద్ధం మొదలైంది. గెరిల్లా యుద్ధానికి కొండలు కావాలని అప్పటి పాఠాలన్నీ చెప్పేవి. గినీ పల్లపు దేశం, కొండలనదగ్గవి దాదాపు లేవు. మాకు జనమే కొండలని కబ్రాల్ అనేవారు. ఆ మాట వినడానికి అందంగా ఉంది కానీ దానికి ధర ఉంది. జనం ఆదుకోవాలంటే జనాన్ని ఏడిపించకూడదు. మొదటి ఏడాదిలోనే కొందరు దళ నాయకులు తమ ప్రాంతాల్లో చిన్న సామంతుల్లా తయారయ్యారు. మంత్రగత్తెలన్న నెపంతో చంపడం, ఆడవాళ్ల మీద అఘాయిత్యాలు, మాట వినని ఊళ్లను హింసించడం. 1964 ఫిబ్రవరిలో, పక్కనే కోమో దీవిలో పోరు సాగుతుండగా, కస్సకా అనే అటవీ గ్రామంలో పార్టీ మహాసభ పెట్టి కబ్రాల్ ఆ నాయకులను విచారణకు నిలబెట్టారు. కొందరికి మరణశిక్ష పడింది. విమోచన పోరాటాల గురించి రాసేవాళ్లు ఈ ఘట్టాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. అడవిలో చంపిన తీర్పును న్యాయమని నేను అనను. కానీ సొంత మనుషుల దౌర్జన్యాన్ని శత్రువు నేరాల వెనక దాచకుండా, యుద్ధం మొదలైన తొలి ఏడాదే బయటపెట్టి నిలదీసిన ఉద్యమాలు వేళ్ల మీద లెక్కపెట్టేంత.

అదే సభలో సాయుధ దళాలతోపాటు పాలన కూడా ఏర్పాటు చేశారు. ప్రతి ఊరికీ ఐదుగురి కమిటీ, అందులో కనీసం ఇద్దరు స్త్రీలు ఉండి తీరాలి. అడవి బళ్లు, పల్లె పంచాయతీ కోర్టులు, చెట్ల కింద ఆస్పత్రులు వచ్చాయి. అన్నిటికంటే తెలివైనది 'ప్రజల కొట్టు'. విమోచన ప్రాంతంలో పోర్చుగీసు డబ్బు చెల్లదు, గుత్త వ్యాపారి పారిపోయాడు. మరి రైతుకు ఉప్పు, సబ్బు, గుడ్డ, గునపం ఎక్కడివి? బడుల్లేకుండా కొన్నాళ్లు ఉండవచ్చు, ఉప్పు లేకుండా ఉండలేరు. స్వీడన్ వంటి దేశాల నుంచి వచ్చిన సరుకును ఈ కొట్లలో పెట్టి, రైతు తెచ్చిన వడ్లకు మారకంగా ఇచ్చారు, గోవెయా కొట్టు ఇచ్చిన దానికంటే మెరుగైన మారకంలో. ఆ వడ్లే దళాలకు తిండి. పోర్చుగీసు విమానాలు వరిచేల మీదా, గట్ల మీదా బాంబులు వేసింది ఎందుకో దీన్నిబట్టి అర్థమవుతుంది. 1972 ఏప్రిల్‌లో ఈక్వడార్, స్వీడన్, ట్యునీసియా ప్రతినిధులతో ఐక్యరాజ్యసమితి బృందం ఒకటి విమోచన ప్రాంతాల్లో కాలినడకన తిరిగి వచ్చింది. అదే ఏడాది ఆ ప్రాంతాల్లో ఎన్నికలు జరిపి జాతీయసభకు ప్రతినిధులను ఎన్నుకున్నారు. స్వాతంత్ర్యం ఇమ్మని అడగడం మానేసి, మేం ఉన్నాం, గుర్తించండని ప్రపంచాన్ని అడిగే స్థితికి వచ్చారు.

ఇంతకీ గెలిపించింది పట్టికలు కాదు, సోవియట్ ఆయుధాలు అనేవాళ్లున్నారు. కొట్టిపారేసే మాట కాదది. క్యూబా వైద్యులు, ఫిరంగి నిపుణులు లేకపోతే, పొరుగు గినీ అధ్యక్షుడు సెకూ తురే తన నేల మీద చోటివ్వకపోతే ఈ యుద్ధం నడిచేది కాదు. 1973 మార్చిలో స్ట్రేలా క్షిపణులు వచ్చి పోర్చుగీసు విమానాలను కూల్చడం మొదలుపెట్టాకే మే నెలలో గిలేజే స్థావరం చేజారింది. కానీ సోవియట్ ఆయుధాలు ఆఫ్రికాలో చాలామందికి దక్కాయి. దాదాపు 30 వేల పోర్చుగీసు సైన్యం ఎదురుగా ఉండగా, అంతకంటే చాలా చిన్న దళాలు పదేళ్లు నిలబడి అధిక భాగం పల్లెసీమను ఏలాయంటే, ఆ పదేళ్లూ వడ్లు పెట్టి, పడవ నడిపి, నోరు విప్పకుండా ఉన్న ఊళ్లను లెక్కలోకి తీసుకోవాలి. క్షిపణి చివరి దెబ్బ కొట్టింది, దెబ్బ కొట్టేదాకా బతికుండటం ఊళ్ల పుణ్యం. ఇంకో సాక్ష్యం శత్రువే ఇచ్చాడు. 1968లో గవర్నరుగా వచ్చిన జనరల్ స్పీనొలా, బాంబులతో పని కాదని గ్రహించి బావులు, బళ్లు, ఆస్పత్రులు, తెగలవారీ ప్రజాసభలు మొదలుపెట్టాడు. కబ్రాల్ పుస్తకాన్నే తిరగేసి చదివాడు. కొంత ఫలించింది కూడా. పోర్చుగీసు పక్షాన పోరాడిన నల్లజాతి సైనికుల సంఖ్య పెరిగింది. 1972లో సెనెగల్ అధ్యక్షుడు సెంఘోర్ మధ్యవర్తిగా స్పీనొలా కబ్రాల్‌తో మాట్లాడతానని లిస్బన్‌ను అడిగాడు. అంగోలాకు చెడ్డ ఉదాహరణ అవుతుందని, సంధి కంటే గినీలో ఓడిపోవడమే నయమని ప్రధాని కయితానో తోసిపుచ్చాడు.

ఓడిపోయారు. అయితే ఇక్కడ మూడో ఆక్షేపణ వస్తుంది: స్వాతంత్ర్యం గినీ అడవుల్లో రాలేదు, 1974 ఏప్రిల్ 25న లిస్బన్ వీధుల్లో సైనికులు తిరగబడితే వచ్చిందని. ఆ తిరుగుబాటు చేసిన యువ కెప్టెన్లు ఎక్కడ పనిచేసి వచ్చారో చూడండి. పథకం వేసిన ఒతేలో ద కార్వాల్యో, ట్యాంకులతో లిస్బన్‌లో దిగిన సల్గేరో మాయా ఇద్దరూ గినీలో యుద్ధం చూసినవాళ్లే. కెప్టెన్ల తొలి సమావేశాల్లో ఒకటి 1973 ఆగస్టులో బిస్సావులోనే జరిగింది. మొదట్లో వాళ్ల కోపం పదోన్నతుల మీద అన్న మాట నిజం. కానీ ప్రమోషన్ తగాదా ప్రభుత్వాన్ని కూల్చే కుట్రగా మారాలంటే గెలవలేని యుద్ధం ఒకటి వెనక ఉండాలి. ఆ కెప్టెన్లు లిస్బన్‌లో దిగేటప్పటికే గినీ-బిస్సావు స్వతంత్రమని 1973 సెప్టెంబరు 24న మదీనా దు బోయేలో ప్రకటించేశారు. ఐక్యరాజ్యసమితిలో అధిక సంఖ్యాకులు దాన్ని స్వాగతించారు కూడా.

ఆ ప్రకటన కబ్రాల్ చదవలేదు. 1973 జనవరి 20 రాత్రి కొనాక్రీలో పోలండ్ రాయబార కార్యాలయం విందు నుంచి రెండో భార్య ఆనా మరియాతో ఇంటికి వచ్చినప్పుడు సొంత పార్టీ నౌకాదళ కమాండర్ ఇనొసెన్సియో కని దారి కాశాడు. తాళ్లతో కట్టి తీసుకుపోవాలనుకున్నారు. కట్టుకోనివ్వనన్నారు కబ్రాల్. కాల్చేశారు. పోర్చుగీసు రహస్య పోలీసుల హస్తం గురించి చాలా రాశారు. వాళ్లకు ఉద్దేశం లేకపోలేదు, 1970 నవంబరులో కొనాక్రీ మీద సముద్రం గుండా దాడిచేసినప్పుడు ఆయన్ను పట్టుకోవడమూ ఒక లక్ష్యమే. కానీ నిప్పు బయటిదైనా కట్టెలు ఇంట్లోవి. చంపినవాళ్లు గినీవాళ్లు, వాళ్ల ఫిర్యాదు పార్టీ అగ్రస్థానాల్లో కేప్ వెర్దీయులున్నారని. తాత తండ్రుల నుంచి పన్నడిగిన గుమాస్తా ముఖమే ఇప్పుడు ఆజ్ఞలిస్తోందని వాళ్లకనిపించింది. స్పీనొలా ఆ మాటనే ఏళ్ల తరబడి ప్రచారం చేశాడు. గినీ, కేప్ వెర్ద్ రెండూ ఒకే దేశం కావాలని కబ్రాల్ గట్టిగా నమ్మారు, దాని కోసం పార్టీ పేరులోనే రెండూ పెట్టారు. పంట లెక్క, ధర లెక్క, తెగలోని అధికారపు లెక్క అంత నిక్కచ్చిగా తీసిన మనిషి, తన పక్కనే పెరుగుతున్న ఈ అక్కసును లెక్కలోకి తీసుకోలేదు. పట్టణ మధ్యతరగతి తన వర్గ ప్రయోజనాన్ని తానే చంపుకుని రైతుతో ఒకటవ్వాలని 1966లో హవానాలో ప్రపంచానికి చెప్పారు. అవ్వకపోతే ఏం చేయాలో చెప్పలేదు. కుట్రదారుల్లో పార్టీ ఒకసారి శిక్షించి మళ్లీ చేర్చుకున్నవాళ్లూ ఉన్నారు. మనిషి మారతాడన్న నమ్మకం గొప్పదే, కానీ దానికి ఆధారం ఏ పట్టికలోనూ లేదు.

తర్వాతి చరిత్ర చూపించి, ఇంత విధానం ఏం మిగిల్చిందని అడిగేవాళ్లకు జవాబు చెప్పడం కష్టమే. సవతి సోదరుడు లూయిస్ కబ్రాల్ తొలి అధ్యక్షుడయ్యాడు. పోర్చుగీసు పక్షాన పోరాడిన నల్లజాతి సైనికులను వందల్లో చంపేశారు. 1980 నవంబరు 14న యుద్ధవీరుడు నీనో వియేరా ఆయన్ను దించేశాడు, రెండు దేశాల ఐక్యత ఆ రోజే తెగింది. 1998లో అంతర్యుద్ధం, తర్వాత వరస సైనిక తిరుగుబాట్లు, 2009లో వియేరా హత్య. అదే పార్టీ, అదే నాయకుడి వారసత్వం ఉన్న కేప్ వెర్ద్ మాత్రం 1991లో ఓట్లతో ప్రభుత్వం మార్చుకుని నెమ్మదిగా నడుస్తోంది. దీవుల్లో యుద్ధం జరగలేదు, కనుక యుద్ధం పెంచిన సైన్యమూ లేదు. ఈ తేడా కబ్రాల్ మీద పెద్ద ఆరోపణే. అయినా ఒక సంగతి గమనించాలి. కొత్త ప్రభుత్వం బిస్సావుకు మారగానే పోర్చుగీసువాళ్లు వదిలిన కుర్చీల్లోనే కూర్చుంది. విమోచన ప్రాంతాల ప్రజల కొట్టు దేశవ్యాప్త గుత్త సంస్థ అయింది. ధర మళ్లీ పైనుంచే వచ్చింది, పల్లెల్లో సరుకు కరువైంది. కుమెరేలో విదేశీ అప్పుతో వేరుశనగ, బియ్యం ఫ్యాక్టరీ మొదలుపెట్టారు. దేశమంతా పండించే వేరుశనగ తెచ్చి పోసినా నిండనంత సామర్థ్యం దానిది. ఆ దేశపు పంటల లెక్క తీసినవాడు పెట్టిన పార్టీ అది. 1956లో అచ్చయిన పట్టిక ఒక్కసారి తెరిచి చూసి ఉంటే చాలు.

ఇప్పుడు గినీ-బిస్సావు ఎగుమతుల్లో తొంభై శాతానికి పైగా ఒకటే సరుకు, పచ్చిజీడి. దశాబ్దాలుగా దాన్ని ఎక్కువగా కొన్నది మన దేశం, తర్వాత వియత్నాం వచ్చి చేరింది. పలాస జీడి బట్టీల్లో కాలే ఆఫ్రికా గింజల్లో ఆ దేశపువీ ఉంటాయి. పోడు నేల బీడు పెట్టే అవసరం లేకుండా జీడితోటలు వరసగా పాకాయి. యువకులు పట్నాలకు వెళ్లిపోయాక మడ అడవుల వరిగట్లు చాలాచోట్ల తెగిపోయి ఉప్పునీళ్లు లోపలికి వచ్చాయి. జీడి కాలంలో వ్యాపారి ఊళ్లోకి ఆసియా నుంచి దిగుమతైన బియ్యం బస్తాలు లారీలో తెస్తాడు. ధర బాగున్న ఏడు బస్తా గింజకు బస్తా బియ్యం, లేని ఏడు రెండు బస్తాలిచ్చినా ఒక్కటే. ఆ మారకం ఎంతన్నది ఊరు చెప్పదు, లారీ మీద వచ్చినవాడు చెబుతాడు.